ముత్యాల గర్భం

ఆ జబ్బుకు తెలుగులో ఆ పేరు పెట్టింది ఎవరో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం వాళ్లింటికి పోయి గట్టిగా నాలుగు మాటలు అడిగి వచ్చేదాన్ని. ఆ పేరు వింటే ఎవరికైనా శుభవార్తే అనిపిస్తుంది. అందులోనూ మాలాంటి ఇంట్లో.

మాది శాలిబండ. ముత్యాలు గుచ్చడమే మా ఇంటి బతుకుదెరువు. చార్మినార్ దగ్గరి దుకాణాలవాళ్లు ముత్యాలు పంపిస్తే అన్నా వదినా కూర్చుని హారాలు గుచ్చి ఇచ్చేవాళ్లు. నేనొక్కదాన్నే ఆ పని నేర్చుకోకుండా చదువుకుని ఒక పరిశోధనశాలలో చేరాను. అక్కడ మేం చదివేది మాయను. బిడ్డతో పాటు కడుపులో పెరిగి, కాన్పయ్యాక బయటపడే మాయ. అది తొమ్మిది నెలలూ ఊరికే కూర్చోదు. రకరకాల ప్రొటీన్లు తయారుచేసి తల్లి రక్తంలోకి వదులుతూ ఉంటుంది. కడుపు పండిందో లేదో చూసుకోవడానికి మందుల దుకాణంలో కొనే పట్టీ మీద రెండు గీతలు పడేది కూడా వాటిలో ఒకదాని వల్లే. ఏది ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో కొలవడం మా పని. అన్న నన్ను మాయల మంత్రగత్తె అని ఆటపట్టించేవాడు.

పెళ్లయిన చాలా ఏళ్లకు వదిన నెల తప్పింది. మామూలు గర్భం ఎలా నడుస్తుందో తెలియడానికి మాకు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కూడా కావాలి. అడిగీ అడగకముందే వదిన చెయ్యి చాపింది. వాడగా మిగిలింది ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఏళ్ల తరబడి దాస్తామని చెబితే, ఆ రక్తంతో పాటు తన బిడ్డ కూడా పుట్టకముందే ఆఫీసులో చేరిపోయిందని మురిసిపోయింది.

కానీ ఆమెకు వాంతులు విపరీతంగా అయ్యేవి. మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు. పొట్ట మాత్రం నెలలకు మించి కనిపించేది. కవలలే అని అమ్మ తేల్చేసింది. తీరా ఆమె ఇచ్చిన ఆ రక్తం పరీక్ష చేస్తే ఆ గీతల ప్రొటీన్ ఉండాల్సినదానికంటే తక్కువ వచ్చింది. నాకు నమ్మకం కుదరలేదు. అది మరీ ఎక్కువైపోయినా మా పరీక్ష తికమకపడి తక్కువే చూపిస్తుంది. చింతపండు ఎక్కువైన చారులో నీళ్లు పోసి రుచి చూసినట్టు, అప్పుడు రక్తాన్ని పలచన చేసి మళ్లీ చూడాలి. చేశాను. అంకె పెరిగింది. ఇంకా పలచన చేశాను, ఇంకా పెరిగింది. నేను మొండిదాన్ని, అంకె ఒక చోట నిలిచేదాకా వదల్లేదు. నిలిచేసరికి అది మామూలు గర్భంలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఉంది. ఏమై ఉంటుందో అనుమానం వచ్చినా ఇంట్లో నోరు విప్పలేదు. వదినను చూసే డాక్టరమ్మకు మాత్రం వెంటనే చెప్పాను. మర్నాడే స్కానింగ్‌కు రమ్మంది.

అమ్మ తోడు వెళ్లింది. నాకు సెలవు దొరకలేదు. సాయంత్రం షేర్ ఆటో దిగి గుమ్మంలో అడుగుపెట్టేసరికి సేమియా పాయసం వాసన. పక్కిళ్లకు అప్పటికే గిన్నెలు వెళ్లిపోయాయి. రేపు కొడుకును తీసుకుని రండి, వివరంగా మాట్లాడాలి అని డాక్టరమ్మ చెప్పిందట. అమ్మ చెవిలో పడింది మాత్రం ఆ ఒక్క పేరే.

"ముత్యాల గర్భమంట. మస్తు తక్కువ మందికి వస్తదంట. ముత్యాలే మనకు అన్నం పెడుతున్నయి, గిప్పుడు కడుపుల గూడ ముత్యాలేనాయె."

వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. పాయసం ముట్టలేదు. నా ముఖంలోకే చూస్తోంది. ఇక చెప్పక తప్పలేదు. మాయ దారితప్పి నీటిబుడగల్లా గుత్తులు గుత్తులుగా పెరుగుతుందని, అవి ముత్యాల్లా కనిపిస్తాయని ఆ పేరు పెట్టారని, కడుపు శుభ్రం చేయించాలని చెప్పాను. అమ్మ పాయసం గిన్నె మీద మూత పెట్టేసింది. కాసేపటికి పక్కింటావిడ గిన్నె తిరిగివ్వడానికి వస్తే తలుపు తీయలేదు.

ఓదార్పు అవుతుందనుకుని, అసలు బిడ్డే లేదు, ఒట్టి మాయే పెరిగింది అని వదినకు చెప్పాను. నేను చదివినదాని ప్రకారం అది నిజమే.

"మరి గిన్ని దినాలు నేను ఎవ్వరి కోసం వాంతులు చేస్కున్న?" అంది.



ఆస్పత్రిలో శుభ్రం చేశారు. అంతటితో అయిపోలేదు. ఆ మాయ రవ్వంత మిగిలినా మళ్లీ పెరిగి క్యాన్సర్‌గా మారొచ్చు. అందుకే ఆ ప్రొటీన్ రక్తంలోంచి పూర్తిగా పోయేదాకా వారం వారం చూస్తూ ఉండాలి. వదిన ప్రాణం ఆ అంకె మీదే ఉంది. మొన్నటిదాకా ఏది ఉందని సంబరపడ్డామో, అదే పోవాలని అమ్మ కనిపించిన దేవుడికల్లా మొక్కింది. తగ్గుతూ వచ్చి ఒక వారం కదలకుండా నిలిచిపోయింది. తర్వాత మళ్లీ తగ్గింది.

ఏమీ లేదని తేలిన రోజు ఫోన్ కూడా చేయకుండా ఇంటికి పరిగెత్తాను. అన్న ఏడ్చేశాడు. అమ్మ దీపం పెట్టడానికి లేచింది. వదిన ముత్యంలోకి దారం ఎక్కిస్తూ ఆగిపోయింది.

"ఇగ అస్సలే ఏం లేదా?"

"ఏం లేదు వదినె. ఇగ ఫికర్ లేదు."

"మరి మొదటిసారి తీస్కున్నవు గద నా రక్తం, అదన్న ఉన్నదా మీ తాన?"

లేదు. ఆ అంకె కోసం పలచన చేసి చేసి అంతా వాడేశాను. అదే చెప్పాను.

"ఒక్క చుక్కన్న ఉంచకపోతివి గదమ్మా," అంది. ఆ గొంతులో కోపం లేదు. మళ్లీ ముత్యం అందుకుంది.

కొన్నాళ్లాగి మళ్లీ ప్రయత్నించవచ్చని డాక్టరమ్మ చెప్పినా వదిన వద్దంది. ఆ అంకె దొరకబట్టే ఆమె ఈరోజు మా మధ్య ఉందని నాకు తెలుసు. అయినా ఆ చుక్క ఉంచి ఉంటే బాగుండేదని మనసు పీకుతూనే ఉంటుంది. ఇప్పుడు ఎవరి రక్తాన్నీ అడుగంటా వాడను. చివరి చుక్క గడ్డకట్టించి దాస్తాను. అది ఏ పరీక్షకూ చాలదు, చోటు దండగ అని తోటివాళ్లు విసుక్కుంటారు. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని నా ఆశ. ఇంతవరకు ఎవరూ అడగలేదు. వదిన కూడా మళ్లీ అడగలేదు.