బోర్డు ప్రకారం ఉసిరిచెట్టు

నాకు ఉద్యోగం ఎందుకు వచ్చిందన్న విషయంలో మా ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉండేవి. ఆ పోస్టుకు దరఖాస్తు పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం. మా మేనత్త మొక్కుకోవడం వల్ల వచ్చిందని తక్కిన అందరి అభిప్రాయం. రెండోదానికి ఆధారం ఏమిటని అడిగితే, వచ్చింది కదా అనేవారు. ఇటువంటి తర్కాన్ని ఓడించే పద్ధతి నాకు చదువులో ఎవరూ నేర్పలేదు.

అరవయ్యో దశకం మొదట్లో, గుంటూరులోని ఒక కళాశాలలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరిన సంవత్సరం అది. విద్యార్థుల ముందు ఒక కొమ్మ పెట్టి, ఇది ఏ చెట్టుదో ఎలా చెప్పగలవని అడగడం నా వృత్తి. చెప్పగలిగినా సరే, ఎలా చెప్పగలిగావని మళ్లీ అడిగేవాణ్ణి. ఈ అలవాటు కళాశాల గేటు దగ్గర ఆగిపోయేది కాదు.

అత్తయ్య మొక్కు మాత్రం స్పష్టంగా ఉంది. మేనల్లుడికి ఉద్యోగం వస్తే కార్తీకమాసంలో ముప్పైమందిని వెంటబెట్టుకుని వనభోజనానికి వెళ్లాలి. ఉసిరిచెట్టు కింద తొలి విస్తరి తను వేసుకోవాలి. ఆ తొలిముద్ద నోట్లో పడేదాకా, ముందురోజు రాత్రి నుంచీ, పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదు. ఆమె తినకుండా మిగతావాళ్లు తినే ప్రశ్న లేదు. షరతులు ఇంత కచ్చితంగా రాసుకున్న ప్రయోగాన్ని నేను మా ప్రయోగశాలలో కూడా చూడలేదు.

చిక్కల్లా చెట్టు దగ్గర వచ్చింది. అత్తయ్యవాళ్ల ఊరు చిలకలూరిపేటకు దగ్గర. కనుచూపు మేర పత్తి, పత్తి కానిచోట మిరప, మిరప కానిచోట పొగాకు. గట్ల మీద నాలుగు తుమ్మలు తప్ప వనం అనదగినది లేదు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఉసిరిచెట్టు అంతకు ముందటేడే పొగాకు ఎండబెట్టే బ్యారన్‌లో కట్టెలైపోయింది. అయితే పడమటి కొండల్లో, రిజర్వు ఫారెస్టు లోపల, జనం సరదాగా గడపడానికి సర్కారువారు ఒక విహారస్థలం కట్టించారనీ, సిమెంటు బల్లలు, రాళ్లపొయ్యిలు, నీళ్లబావి అన్నీ ఉన్నాయనీ, దాని పేరే ఉసిరివనమనీ మామయ్య సంతలో విని వచ్చాడు. ఎవరైనా కళ్లారా చూశారా అని అడిగాను. "బోర్డుందంటరా," అన్నాడు మామయ్య. ఆయన మామూలుగా మాట్లాడితే పక్క వీధివాళ్లు తమనే పిలిచారనుకుని బయటికి వచ్చేవారు.

ఆదివారం పొద్దున్నే లారీలో బయలుదేరాం. అది ఏడాది పొడుగునా గుంటూరుకు మిరప బస్తాలు మోసే లారీ. కడిగామని డ్రైవరు ప్రమాణం చేశాడు. మొదటి మైలులోనే ముప్పైమందీ తుమ్మడం మొదలుపెట్టారు. బయలుదేరే ముందు తుమ్మింది ఎవరన్న చర్చ వచ్చింది. ప్రయాణం ఆపాలా వద్దా అన్నది దాని మీద ఆధారపడి ఉందట. వరసగా అందరూ తుమ్ముతున్నప్పుడు శకునం ఎవరికి వర్తిస్తుందని అడిగాను, కాని ప్రశ్న మధ్యలో నాకూ తుమ్ము వచ్చింది. వెనకపక్క కూర్చున్నవాళ్లు ఎక్కువ తుమ్ముతున్నారని గమనించి, ఆ సంగతి రుజువు చేద్దామని ఇద్దరిని చోటు మార్పించాను. ఇద్దరూ ముందుకన్నా ఎక్కువ తుమ్మారు. దాన్నిబట్టి ఏదీ తేలలేదు. అత్తయ్య మాత్రం ముక్కు చుట్టూ కొంగు చుట్టుకుని, ఎండిన పెదవులతో కూర్చుంది.

విహారస్థలం నిజంగానే ఉంది. బోర్డు కూడా ఉంది. ఆకుపచ్చ ఇనపరేకు మీద తెల్ల అక్షరాలతో "ఉసిరివనము" అని, దాని కింద చిన్నగా, మంటలు పొయ్యిలలోనే వేయవలెననీ, కొమ్మ విరుచుట నేరమనీ రాసి ఉంది. బోర్డు పక్కన గొడుగులాంటి మంచి నీడచెట్టు. దాని మొదలుకు పాత పసుపు, పాత కుంకుమ పొరలు పొరలుగా పేరుకుపోయి ఉన్నాయి. మాకు ముందు ఎన్నో ఊళ్లవాళ్లు అక్కడ తిని వెళ్లారన్నమాట. ఖాకీ నిక్కరు, చేతికర్రతో ఒక ఫారెస్టు గార్డు వచ్చి, మా అనుమతి కాగితం చూసి, పొయ్యిలు చూపించి, ఒక బల్ల మీద పడుకున్నాడు.

రెండు గంటల్లో వంట అయింది. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, కంద బచ్చలి, పులిహోర, పరమాన్నం. ఆ వాసనకు తుమ్ములు వాటంతటవే ఆగిపోయాయి. అత్తయ్య పసుపు గిన్నె పట్టుకుని చెట్టు దగ్గరకు వెళుతుంటే, నేను చేసేందుకు పనేమీ లేక తలెత్తి పైకి చూశాను. ఆ తలెత్తడమే పొరపాటు.

ఉసిరి ఆకు ఈకలా ఉంటుంది. ఒక సన్నని పుల్లకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు. ఈ చెట్టుకు ఈకలోంచి మళ్లీ ఈకలు వచ్చాయి. పైగా కొమ్మల్లో ఎండిన చప్పటి కాయలు గలగలలాడుతున్నాయి. ఉసిరికి ఏ దేశంలోనూ చిక్కుడులాంటి కాయ కాయదు. నాకు అప్పుడు రెండు దారులున్నాయి: నోరు మూసుకోవడం ఒకటి, మామయ్యను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పడం మరొకటి. మొదటిది నాకు చేతకాదు. రెండోది చేశాను.

"ఇది ఉసిరిచెట్టు కాదా?" అని మామయ్య కూడా గుసగుసగానే అడిగాడు. ఆ గుసగుస అటు కొండకు తగిలి తిరిగి వచ్చింది. పసుపు పట్టిన అత్తయ్య చెయ్యి చెట్టుకు జానెడు దూరంలో ఆగిపోయింది.

గార్డును లేపారు. అందరూ ఒకేసారి అడగడంతో అతను మొదట ఏ నేరమూ చేయలేదన్నాడు. తర్వాత విషయం అర్థమై, అది చిగర అనే అడవిచెట్టని వెంటనే ఒప్పుకున్నాడు. బోర్డు సంగతి ఏమిటని నేను అడిగాను.

"మొక్కలు వేసిన మాట నిజమేనండి," అన్నాడు. "వరసలు కట్టి వేశామండి. మేకలు తినేశాయండి. బోర్డు ఇనపదండి, దాన్ని తినలేదండి."

మరి ఇన్నేళ్లుగా వచ్చినవాళ్లకు ఎందుకు చెప్పలేదని అడిగితే, వాళ్లెవరూ అడగలేదన్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు పూజ చేసుకుని, తనకూ ఒక విస్తరి వేసి, సంతోషంగా వెళ్లారట. ఎవరికీ ఏ కీడూ జరిగినట్టు కబురు రాలేదట. ఇది నా దృష్టిలో చాలా విలువైన సాక్ష్యం. మొక్కుల ఫలితానికి, చెట్టు జాతికి సంబంధం లేదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ మాటే అత్తయ్యకు వివరించబోయాను. మామయ్య అడ్డుపడ్డాడు.

"ఏరా, ముప్పైమందికి వండించి, ఇప్పుడు చెట్టు మార్చమంటావా?"

అత్తయ్య బల్ల మీద కూర్చుంది. కోపం లేదు. గొంతు ఎండి మాట పీలగా వచ్చింది.

"వాడు చెప్పకముందు తినేసి ఉంటే నాకు ఏ దోషమూ లేదు. ఇప్పుడు చెవిన పడింది. చెవిన పడ్డాక ఎట్లా తినేది?"

తెలిసిన దాన్ని తెలియనట్టు నటించకూడదన్నది నేను తరగతిలో తరచు చెప్పే సూత్రం. దాన్ని అంత చక్కగా పాటించిన మనిషిని చూసి గౌరవం కలిగింది. ముప్పైమంది నన్ను చూస్తున్న చూపు వల్ల ఆ గౌరవాన్ని బయటపెట్టలేదు.

సలహాలు వచ్చాయి. ఒక పెద్దావిడ ఇంటి నుంచి ఉసిరికాయ పచ్చడి జాడీ తెచ్చింది, అయితే ఆదివారం ఉసిరి ముట్టకూడదు కాబట్టి తెచ్చి కూడా మూత తీయలేదు. మామయ్య ఆ జాడీని ఉట్టిలా తాడుతో కట్టి చిగర కొమ్మకు వేలాడదీశాడు. ఉసిరికాయ ఏ చెట్టుకు వేలాడితే అది ఉసిరిచెట్టేనని ఆయన వాదం. వృక్షశాస్త్రంలో కాయను చూసి చెట్టును గుర్తించే సంప్రదాయం ఉన్నమాట నిజమే, కాని జాడీలో ఉన్న కాయ లెక్కలోకి రాదన్నాను. అత్తయ్య జాడీ వంకా, మామయ్య వంకా చూసి ముఖం తిప్పుకుంది. మామయ్య జాడీ విప్పాడు.

అప్పుడు గార్డుకు గుర్తొచ్చింది, వాగు పక్కన అసలైన ఉసిరి ఒకటి ఉందని. ఎంత దూరమని అడిగితే కూతవేటు దూరమన్నాడు. కూతవేటు అంటే ఎవరి కూత అన్నది తేల్చకుండా కదలడం నాకు ఇష్టం లేదు. గార్డును ముందు పంపి, ఇక్కడి నుంచి మామయ్య చేత కేక వేయించాను. గార్డు వాగు దాటి, గుట్ట దాటి, కనుమరుగై, చాలాసేపటి తర్వాత తిరిగి వచ్చి, ఎంత దూరం పోయినా వినపడుతూనే ఉందని చెప్పాడు. ఆ పరీక్ష వల్ల తేలింది ఏమిటంటే, ఇంకో పావుగంట ఆలస్యమైందని.

అందరం బయలుదేరాం. పప్పు గుండిగ కావిడిలో ఒకవైపు, పులిహోర మరోవైపు. పరమాన్నాన్ని ఇద్దరు చెరో చెవి పట్టుకుని మోశారు. గోంగూర గిన్నె నాకిచ్చారు, శిక్షగానో, నమ్మకంగానో తెలియదు. రాళ్లదారిలో అత్తయ్య రెండుసార్లు ఆగింది. రెండోసారి ఒక బండ మీద కూర్చుని కళ్లు మూసుకుంది. అంతవరకు ఇది నాకు సరదాగానే ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని లేపినప్పుడు ఆ అరచెయ్యి వేడిగా, పొడిగా ఉండటం చూసి, నా నోటిని గురించి నేను మొదటిసారి చెడుగా అనుకున్నాను. నీళ్లు తాగమన్నాను. తల అడ్డంగా ఊపింది.

చెట్టు కనిపించింది. వాగు ఒడ్డున ఏటవాలు నేల మీద, సన్నగా, కొంచెం వంగి ఉంది. దాని కింద ఒక మనిషి కూర్చునేంత చోటు మాత్రమే చదునుగా ఉంది. ఆకు చూశాను, ఈక ఒకటే. బెరడు చూశాను, పొరలు పొరలుగా ఊడుతోంది. అన్నీ సరిపోయాయి. కాయ మాత్రం కనపడలేదు. కోతులు ఊడ్చేశాయని గార్డు అన్నాడు.

"ఇది ఉసిరేనా?" అని అత్తయ్య నన్నే అడిగింది.

"అయి ఉండటానికి చాలా అవకాశం ఉంది, అత్తయ్యా."

"అవకాశానికి నేను పసుపు రాయనురా. అవునా కాదా, అది చెప్పు."

కావిడి మోసినవాడు దాన్ని దించకుండానే నా నోటివంక చూస్తున్నాడు. ఒక్క కాయ చూస్తే గాని చెప్పనన్నాను. ఆ మాటకు వచ్చిన స్పందనను ఇక్కడ రాయను. అందరూ తలలెత్తి వెతికారు. చిటారు కొమ్మన ఒక్కటంటే ఒక్క కాయ ఉంది. కొమ్మ విరవకూడదని గార్డు హెచ్చరించాడు. ఊపవచ్చా అంటే, ఊపకూడదని బోర్డు మీద లేదన్నాడు. మామయ్య చెట్టును వాటేసుకుని ఊపాడు. కాయ రాలి, వాలులో పడి, వాగువైపు దొర్లింది. దాని వెనుక మా లారీ జనంలో సగం దొర్లారు. మోకాళ్లు చెక్కుకుపోయిన ఒక పెద్దమనిషి, ముల్లెను దక్కించుకున్నట్టుగా దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

కాయ మీద ఆరు గీతలు లీలగా ఉన్నాయి. గీతలు సరిపోయాయి గదా అని వదలకుండా, అలవాటు కొద్దీ కొరికాను.

"ఆదివారంపూట ఉసిరికాయ కొరికావా?" అంది అత్తయ్య. వగరు, పులుపు కలిసి నా దవడలు బిగుసుకుపోయాయి, అందువల్ల జవాబుకు కొంచెం సమయం పట్టింది.

"అవును. ఉసిరే," అన్నాను.

అనుమానం కలపకుండా నేను ఏదైనా చెప్పిన సందర్భాలు నా జీవితంలో కొద్ది. ఆ మాట అంటున్నప్పుడు నాకు కొంచెం కంగారుగా కూడా అనిపించింది. అత్తయ్య ఇంకేమీ అడగలేదు. చెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దీపం వెలిగించి, ఉన్న ఒక్క చదును చోటులో విస్తరి వేసుకుని కూర్చుంది. పప్పు కలిపి తొలిముద్ద నోట్లో పెట్టుకుంది. వెంటనే మిగతావాళ్లు ఎక్కడ నిలబడినవాళ్లు అక్కడే, బండల మీద, వాగులో, కావిడి పక్కన, విస్తళ్లు పరుచుకున్నారు. గార్డు అందరికన్నా ముందే కూర్చున్నాడు.

నేను వెంట మోసుకొచ్చిన బిందెలోంచి ఒక గ్లాసు నీళ్లు తాగాను. తియ్యగా ఉన్నాయి, బెల్లం కలిపినట్టు. ఉసిరి తిన్నాక నీళ్లు తియ్యనవుతాయని అందరూ అంటారు గాని, అది కాయ గుణమో, నీటి గుణమో, కేవలం మాటో నేను సరిగా పరీక్షించలేదు. ఇప్పుడు ఒకే బిందె నీళ్లు, ఉసిరి కొరికిన ఒక మనిషి, కొరకని ఒక మనిషి. ఇంత చక్కని ఏర్పాటు మళ్లీ దొరకదనుకుని, అదే గ్లాసు కడిగి నింపి అత్తయ్యకు ఇచ్చాను. ఆమె ఎత్తిన గ్లాసు దించకుండా తాగింది. నీళ్లు తియ్యగా ఉన్నాయా అని అడిగాను.

"ఉన్నాయి," అంది.

"నువ్వు ఉసిరి తినలేదు కదా అత్తయ్యా. ఎట్లా ఉంటాయి?"

"రాత్రి నుంచీ నాలుక మీద చుక్క పడలేదురా. ఇంకో గ్లాసు పొయ్యి."

పోశాను. రెండో గ్లాసు సగం తాగి ఆగింది. ఇప్పుడు మామూలు నీళ్లలాగే ఉన్నాయని చెప్పి, పప్పు ఇంకొంచెం వేయమంది.