వెలుతురు అడిగిన మనిషి

అక్టోబరు ఇరవై ఆరున, మధ్యాహ్నం రెండున్నరకు కొండ మీది సైనిక పోస్టుకు చేరాను. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నాలుగు గంటల నడక. వీపున ఇరవై రెండు కిలోల సామాను. ఎత్తు పదకొండు వేల అడుగులు. మూడు బంకర్లు, ఒక వంటగది. కింద లోయలో పద్నాలుగు ఇళ్ల ఊరు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య పెరిగిన నేను, ఒక్క అక్షరం కూడా కనబడని అంత విశాలమైన స్థలాన్ని చూడటం అదే మొదలు.

"హైదరాబాద్ వచ్చిండు," అని రేడియో ఆపరేటర్ లోపలికి కేకేశాడు. అతనిది సిద్దిపేట. పోస్టులో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. "అన్న, బిర్యానీ తెచ్చినవా, ఉట్టిగనే వచ్చినవా?"

వారం తర్వాత రైఫిళ్లకు బిగించే లైట్లు వచ్చాయి. అరచేతిలో ఇమిడే లోహపు గొట్టం. రైఫిల్ ముందు భాగాన ఉన్న పట్టా మీద దాన్ని కూర్చోబెట్టి రెండు మరలు బిగించాలి. మర తల నుంచి పట్టా దాకా తెల్లరంగుతో సన్నని గీత గీయాలి. గీత తెగినట్టు కనిపిస్తే మర వదులైందని అర్థం. స్విచ్ ఎడమ బొటనవేలి కింద ఉంటుంది. నొక్కినంతసేపే వెలుగు. ఖాళీ చేసిన రైఫిల్‌తో గోడ మీద వేసి, వెలుగు వలయం నడుమ గురి కుదిరిందో లేదో చూసుకోవాలి. చలికి బ్యాటరీలు చస్తాయి కాబట్టి అదనపు జతను లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకోవాలి.

మా సెక్షన్ కమాండర్ గఢ్వాల్ ప్రాంతపు హవల్దార్. మాట తక్కువ మనిషి. అందరినీ నిలబెట్టి హిందీలో ఒక్కటే చెప్పాడు. "ఇది దేన్ని చూస్తే తుపాకీ కూడా దాన్నే చూస్తుంది. ఇళ్లలోకి వెళ్లినప్పుడు చేతి టార్చి వాడండి. కాల్చాల్సి రావచ్చు అనిపిస్తేనే దీన్ని నొక్కండి."

ఆ మాటను మేము నెల తిరగకుండానే సడలించాం. చీకటి బంకర్‌లో జారిపోయిన మూత వెతకాలన్నా, మేజోడు వెతకాలన్నా చేతికి అందేది రైఫిలే. తూటాలు తీసేసి ఆ లైటుతోనే వెతికేవాళ్లం.

"గా తుపాకితోని సాక్సులు దేవులాడుడేందన్న?" అనేవాడు ఆపరేటర్. "సాక్సులు సుత చేతులు లేపి బయటికొస్తయ్ చూడు."

నవ్వుకున్నాం. బొటనవేలికి మాత్రం అదే అలవాటైంది.

ఊరివాళ్లతో మాట్లాడటానికి నన్ను పంపేవారు. ఉర్దూ వచ్చు కాబట్టి. నా దక్కనీ యాసకు మొదట నవ్వినవాడు చివరి ఇంటి పెద్దాయన. "హైదరాబాదీ?" అని అడిగి చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. వయసులో ఉన్నప్పుడు ఏటా చలికాలం సైకిల్ మీద మూట కట్టుకుని ఎర్రమంజిల్ క్వార్టర్లలో శాలువాలు అమ్మేవాడట. ఇప్పుడు ఆ పనికి కొడుకు వెళ్తున్నాడట.

"పంజాగుట్టలో ఇప్పుడు సైకిల్ మీద రోడ్డు దాటగలమా?" అని అడిగాడు.

"నడిచి కూడా దాటలేం, చాచా. పైన ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో."

"అయితే నేను సరైన సమయానికే మానేశాను," అన్నాడు.

ఆయనకు షుగర్ ఉండేది. పాదం మీద మానని పుండు. రోజుకు రెండుసార్లు తానే ఇన్సులిన్ సూది వేసుకునేవాడు.

జనవరిలో మూడు రోజులు ఆగకుండా మంచు పడింది. దారి మూసుకుపోయింది. నాలుగో రోజు ఆజ్ఞ వచ్చింది: ప్రతి ఇంటికీ వెళ్లి మనుషులను, సరుకులను, రోగులను చూసి రావాలి. ఆ ఉదయం ఆయుధాల తనిఖీ ఉండటంతో, అదనపు జత కూడా అయిపోవడంతో, వెలగని రైఫిల్ లైటులోకి నా చేతి టార్చి బ్యాటరీలు మార్చాను. రెండింటికీ ఒకే రకం సరిపోయేవి. ఖాళీ టార్చిని జేబులో వేసుకుని దిగాను.

చివరి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఊళ్లో కరెంటు లేదు. కిటికీలకు చెక్కలు బిగించి ఉన్నాయి. బయటి మంచు తెలుపు నుంచి లోపలికి అడుగుపెడితే కళ్లకు ఏమీ ఆనలేదు. మూల నుంచి ఆయన గొంతు వినబడింది.

"హైదరాబాదీ, నువ్వేనా? సూది వేసుకుంటున్నాను, గీతలు కనబడటం లేదు. కాస్త వెలుతురు చూపించు, బేటా."

ఖాళీ అని మరిచి టార్చి తీసి నొక్కాను. వెలగలేదు. రెండో చేయి రైఫిల్ మీదే ఉంది. బొటనవేలు తన పని తాను చేసింది.

తెల్లని వలయం ఆయన ఛాతీ మీద పడింది. ఆయన రెండు చేతులూ పైకి లేచాయి. ఆలోచించి లేపిన చేతులు కావు అవి. ఎన్నేళ్లుగానో నేర్చుకున్న చేతులు. సూది ఒకవైపు, ఎడమ చేతిలోని మందు సీసా ఒకవైపు రాతినేల మీద పడ్డాయి. సీసా పగిలింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే.

"నేనే, చాచా, నేనే," అన్నాను. వేలు తీసేశాను. చీకట్లో కూడా ఆయన చేతులు వెంటనే దించలేదని బట్టల కదలిక వినబడకపోవడాన్ని బట్టి తెలిసింది.

ఆపరేటర్ వెంటనే కింది బేస్‌కు సందేశం పంపాడు. "మందు ఉన్నదంట అన్న, హెలికాప్టర్ లేవదంట. మబ్బు పట్టింది." ఆ రోజు నుంచి నాతో హైదరాబాద్ జోకులు మానేశాడు.

రెండు రోజులు ఎదురుచూశాం. ఆయనకు జ్వరం వచ్చింది. పాదం నల్లబడింది. మూడో రోజు తెల్లవారగానే హవల్దార్ మోసుకుపోదామన్నాడు. మంచులో స్ట్రెచర్ కుదరని చోట ఆయనను వీపున ఎత్తుకున్నాను. నా మెడ దగ్గర ఆయన ఊపిరి వేడిగా తగిలేది. అంబులెన్స్ తలుపు మూశాక హవల్దార్ నన్ను పక్కకు పిలిచాడు. "సీసా చేయి జారి పగిలింది. అంతే," అన్నాడు. నేను కాదనలేదు.

సర్వీసు ముగిశాక ఎర్రమంజిల్‌లో ఒక కార్యాలయంలో ఉద్యోగం, దగ్గరే క్వార్టరు దొరికాయి. చలికాలంలో గుమ్మం ముందు ఆగిన ప్రతి శాలువాల మనిషినీ ఊరు అడిగేవాణ్ణి. మూడో ఏడు డిసెంబరులో ఒక యువకుడు నా భార్య ముందు మూట విప్పాడు.

"అక్కా, జర ముట్టి చూడు. మస్తు గరం ఉంటది."

ఊరు అడిగాను. చెప్పాడు. చివరి ఇల్లేనా అన్నాను. తలెత్తి నన్ను పరీక్షగా చూసి ఉర్దూలోకి మారాడు. తండ్రి బతికే ఉన్నాడు. మోకాలి కింద కాలు తీసేశారు.

"చేయి జారి సీసా పగిలిందని చెబుతాడు. హైదరాబాదీ సిపాయి వీపున మోసి బతికించాడట. కనబడితే ఒక శాలువా ఊరికే ఇమ్మన్నాడు."

"ఆ సిపాయిని నేనే," అన్నాను. "ఆయన చేయి జారలేదు."

అతను మూటలోంచి బూడిదరంగు శాలువా ఒకటి తీసి, మడత సరిచేసి కుర్చీ మీద పెట్టాడు.

"తెలుసు, భయ్యా. అమ్మ అప్పుడు ఆ గదిలోనే ఉంది. ఇది ఆయన ఇచ్చింది. నేనిచ్చింది కాదు."

మూట కట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. శాలువా బీరువాలో ఉంది. ఇంతవరకు కప్పుకోలేదు.

ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఫోన్ లైటు వేసి, దాని ముఖం గోడ వైపు తిప్పి పెడతాను. మనిషి మీద వెలుగు పడనివ్వను. అయినా ఆ గోడ మీది వలయంలో రెండు చేతులు లేస్తాయి. ఎడమ అరచేతిలో మందు సీసా మెరుస్తూ ఉంటుంది.