రజిత పేరు మీద పోయిన మెయిళ్లు

కూసో బిడ్డా, ఇటు మొఖం పెట్టి సక్కగ ఇను. నేను చెప్పిందే రాయి, నీ సొంతంది కలుపకు.

కరోనా సల్లవడ్డ మరుసటేడు. గుజరాత్‌ల సచిన్ అనే ఊర్ల చీరల ప్రింటింగ్ మిల్లు ఆఫీసుల నేను డిస్పాచ్ చూస్తుంటి, అంటే ఏ మాల్ ఏ లారీల పోవాలె అన్నది నా పని. నా పక్క కుర్సీల రజిత. మన జగిత్యాల దిక్కు పిల్ల. మొగడు అక్కడనే లింబాయత్ బస్తీల సాంచెల మీద బట్ట నేస్తడు. మాల్ కొనే షాపులోళ్లకు మెయిళ్లు రాసుడు ఆమె పని.

ఒకనాడు పొద్దుగాల మిల్లు సేఠ్ ఫోను చేతుల పట్టుకొని ఉరికొచ్చిండు. రజిత పేరు మీద షాపులోళ్లందరికి గలీజు బొమ్మల మెయిళ్లు పోయినయట. ఎసొంటి బొమ్మలో నన్నడుగకు.

"పేరు నీదే ఉన్నది గదా! రేపటి సంది రాకు," అన్నడు, ఆఫీసంత ఇనంగ.

"నేను పంపలే సేఠ్. మా ఇంట్ల తెలిస్తే నా బతుకేంగావాలె?" అని ఏడ్సింది పిల్ల.

నాకైతే ఒక్కటి సమజ్ కాలే. ఆ మెయిళ్లు పోయిన యాళ్లకు పిల్ల నాతోని గోదాంల బట్ట తాన్లు సదురుతున్నది. కంప్యూటర్ ముట్టనే లేదు. మరి పంపిందెవ్వరు? "జర ఆగుండ్రి సేఠ్, కంప్యూటరాయనను పిలుద్దాం," అన్న.

జిగ్నేశ్ భాయ్ అని గుజరాతాయన వచ్చిండు. తన ల్యాప్‌టాప్‌కు మా వైఫై కలిపి ఏందో టకటక కొట్టిండు. "మాసీ, మీ మెయిల్ చూడుండ్రి," అన్నడు. అక్కడ అందరు నన్ను మాసీ అంటరు, చిన్నమ్మ అన్నట్టు. చూస్తే సేఠ్ పంపినట్టు మెయిల్, 'మాసీకి రేపు చుట్టీ' అని, అంటే సెలవన్నట్టు! సేఠేమో మా ఎదురుంగనే చాయ్ తాగుతుండు.

"గిదేంది నాయినా! సేఠ్ పాస్‌వర్డ్ నీకెట్ల దొరికె?"

"అది అడుగనే లేదు మాసీ," అని నవ్విండు.

మిల్లుల సర్వర్ అని ఒక పెట్టె ఉంటది, మెయిళ్లన్ని దాంట్లకెల్లే పోతయ్. వచ్చిన మెయిల్ సదవాలంటే అది పాస్‌వర్డ్ అడుగుతది. బయటికి పంపాలంటే అడుగది. మన వైఫైల ఎవరుంటే వాళ్లు మనోళ్లే అనుకొని, ఏ పేరు రాసిచ్చినా ముందుకు తోస్తది. గట్ల తోసుడును రిలే అంటరట.

"ఒక్క చీర గేటు దాటాలన్నా వాచ్‌మన్ గేట్ పాస్ చూస్తడు. మెయిల్‌కు అదిగూడ లేదా?" అన్న.

"అదే పెడుత మాసీ. ఆథెంటికేషన్ అంటరు."

ముందుగాల నువ్వెవ్వరో పాస్‌వర్డ్‌తోని రుజువు చేసుకోవాలె. నీ పేరు మీదనే రాయాలె. అప్పుడే మెయిల్ కదులుతది.

పెట్టినంక మొదలు ఆగింది సేఠ్ మెయిలే! "నా మిల్లుల నన్నే అడుగుతదా?" అని గులిగిండు, గులుక్కుంటనే పాస్‌వర్డ్ కొట్టిండు. తర్వాత జిగ్నేశ్ భాయ్ అందర్ని పిలిచి చూపిచ్చిండు. శాంపిల్ రూంల ఎప్పుడూ ఆన్ ఉండే పాత కంప్యూటర్, ఎన్కట రజిత వాడిందే, ఆమె పేరు మీద మాటిమాటికి పంపవోతున్నది, సర్వర్ ఎనకకు కొడుతున్నది. దాంట్ల వైరస్ సొచ్చిందట. కుర్సీల మనిషే లేడు!

సేఠ్ మొఖం చిన్నవోయింది. "సరే, పని చేసుకో," అన్నడు మెల్లగ.

రజిత కదల్లే. "అందరి ముంగట అన్నరు సేఠ్. అందరి ముంగటనే చెప్పుండ్రి."

సేఠ్ స్పీకర్ పెట్టి ఒక్కొక్క షాపుకు ఫోన్ చేసిండు. "తప్పు మా మెషిన్‌ది, పిల్లది కాదు." ఆఫీసంత ఇన్నది.

కొన్నొద్దులకు సేఠే ముంబైకెల్లి ఫోన్ చేసిండు. "రజితా, నువ్వు చుట్టీల ఉన్నవ్ గదా, నీ పాస్‌వర్డ్ జర మాసీకి చెప్పు, అర్జెంట్ మెయిల్ ఉన్నది."

"మాసీ తన పేరు మీదనే పంపుతది సేఠ్. నాది నాదే," అన్నదట పిల్ల. సేఠ్ నాకు చెప్పుకుంట నవ్విండు, తిట్టలే.

అగో, నేను నేర్చుకున్నదేందంటే బిడ్డా, పేరు కనవడంగనే ఆ మనిషే చేసిందని అనుడు కాదు, ముందుగాల ఆ మనిషిని...

"అమ్మా, రొట్టెలు సల్లారుతున్నయ్! మనుమన్ని తోలుకొని రా!"

ఆఁ, వస్తున్న! మీ అమ్మ పిలుస్తున్నది బిడ్డా. ముందుగాల ఆ మనిషిని దగ్గర కూసోవెట్టుకొని అడుగాలె...