జీవమ్మ బండి, విడవని బ్రేకు

ఆలూరు చుట్టుపక్కల గొర్రెల మందలున్న ఊళ్ళలో జీవమ్మను ఎరగని ఇల్లు తక్కువ. ముప్పయ్యారేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఇంటరు దాకా చదివి, పశువుల ఆస్పత్రిలో శిక్షణ తీసుకుని, పదేళ్ళుగా ఊరూరా తిరిగి గొర్రెలకూ మేకలకూ టీకాలు వేస్తోంది. మొగుడు యేసుప్రసాద్ బళ్ళారి వైపు లారీ తోలుతాడు, వారానికి ఒకసారి ఇంటికొస్తాడు.

మొదట్లో ఆమె బస్సు దిగి నడిచేది. తర్వాత పాత స్కూటీ ఒకటి కొనుక్కుంది. వాన పడితే అది నల్లరేగడిలో దిగబడేది, బండలెక్కిస్తే అడుగు తగిలేది. రెండేళ్ళ కిందట గాలిమరలు నిలబెట్టిన కంపెనీ ఒకటి పని ముగించుకుని పోతూ తమ సర్వే వాళ్ళు వాడిన బండ్లు అమ్మేసింది. రోడ్డు లేని చోట, గుట్టల మీద తిరగడానికే చేసిన ఎత్తైన మోటారు సైకిళ్ళు అవి. జీవమ్మ ఒకటి తీసుకుంది. ఎక్కడానికి మొదటి నెలంతా దాన్ని అరుగు పక్కన నిలబెట్టుకోవలసి వచ్చింది. పైగా ఆమె కుడికాలికి పాత దెబ్బ ఉంది. ఎప్పుడో ఒక ఎద్దు తొక్కితే మడమ దగ్గర ఎముక విరిగింది. అతికింది గానీ, పాదం కిందికి పూర్తిగా వంగదు. అయినా నేర్చుకుంది. "ఆడమనిషికి అంతెత్తు బండి ఏమిటికి?" అని నవ్వినవాళ్ళే తర్వాత ఆ చప్పుడు వినబడితే మందను ఆపి నిలబడేవాళ్ళు.

ఈ వేసవిలో పారుడు రోగం టీకాలు మొదలయ్యాయి. గొర్రెకు నోరు పుండ్లు పడి, పారుకుని పారుకుని నాలుగు రోజుల్లో చచ్చే జబ్బు అది. వానలు పడి మందలు దూరం మేతకు కదిలేలోగా టీకా వేసెయ్యాలి.

గుట్ట అవతల పెద్దబండ అనే ఊళ్ళో ఈరక్కకు డెబ్బై ఆరు గొర్రెలున్నాయి. మొగుడు పోయాక ఇరవై ఏళ్ళుగా ఒంటి చేత్తో మందను పెంచుకొస్తున్న మనిషి. నాలుగేళ్ళ కిందట ఎవరో టీకా వేసిపోయిన నెలకే జబ్బు వచ్చి ఆమెవి ముప్పై గొర్రెలు పోయాయి. అప్పటినుంచి సూది పట్టుకొచ్చిన వాళ్ళెవరినీ ఆమె దొడ్డి దాకా రానివ్వలేదు. జీవమ్మ మూడుసార్లు పోయి కూర్చుని మాట్లాడితే చివరికి ఒప్పుకుంది.

"శుక్రవారం మొబ్బులోనే రా. పొద్దెక్కితే గొర్లు ఆకలికి నిలబడవు" అంది.

శుక్రవారం జీవమ్మ ఇంకా తెల్లవారకుండా, మొబ్బులోనే బయల్దేరింది. టీకా సీసా, మంచుగడ్డలు ఉన్న పెట్టెను వెనక సీటుకు కట్టుకుంది. గుట్ట ఎక్కేటప్పుడే బండి బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. అవతలి దిగుడులో, గులకరాళ్ళ మీద, వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. బండి పక్కకు జారి పడింది. ఆమె మోచెయ్యి గీరుకుపోయింది. పెట్టె బండకు తగిలి మూత పగిలింది.

లేచి బండిని నిలబెట్టి తొయ్యబోతే చక్రం తిరగలేదు. వంగి చక్రం పక్కనుండే బ్రేకు డిస్కును వేలితో తాకి చటుక్కున తీసేసింది. పెనంలా కాలుతోంది. అంత బరువు బండిని బిగుసుకున్న చక్రంతో ఈడ్చడం కుదరదు, పెట్టె మోసుకుని నడిస్తే తొమ్మిది కిలోమీటర్లు. ఏంచేయాలో ఆలోచిస్తూ, ఇంకో బండేదైనా వస్తుందేమోనని చూస్తూ రెండు గంటలు గడిచాయి. ఇంకోసారి తోసి చూస్తే చక్రం ఏమీ జరగనట్టు తిరిగింది.

పెద్దబండ చేరేసరికి తొమ్మిదయింది. ఈరక్క మందను వదలకుండా దొడ్డిలోనే నిలిపి ఉంచింది. గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి. జీవమ్మ పెట్టె తెరిచింది. మంచంతా నీళ్ళయింది. సీసా చేతికి వెచ్చగా తగిలింది.

"మందు చెడిపోయిండాది ఈరక్కా. నేను వెయ్యను" అంది.

"గొర్లను పస్తు నిలబెట్టుకోని కాసుకోనుంటే, వెయ్యనంటావా?"

"వేస్తే నీళ్ళేసినట్టే. పోయినసారి నీకు జరిగింది అదే అయ్యుంటాది."

 ఈరక్క దొడ్డి తడిక తీసి మందను వదిలింది. "ఇంగ రావద్దులేమ్మా" అని గొర్రెల వెంట వెళ్ళిపోయింది.

జీవమ్మ నేరుగా ఆలూరు బస్టాండు వెనక దాసన్న షెడ్డుకు పోయింది. దాసన్న ముప్పై ఏళ్ళుగా బండ్లు బాగుచేస్తున్నాడు. వెనక బ్రేకు విప్పి, డిస్కును పట్టుకునే ప్యాడ్లు కొత్తవి వేశాడు. ప్యాడ్లను నెట్టే బిళ్ళలకు పట్టిన దుమ్మంతా తుడిచి, జారే చోట గ్రీజు రాశాడు. రెండు వీధులు తిరిగొచ్చి, "అయిపాయె, పో" అన్నాడు.

మర్నాడు పన్నెండో కిలోమీటరు దగ్గర చక్రం మళ్ళీ బిగుసుకుంది.

ఆదోనిలో పెద్ద షాపుకు పోయి అడిగింది. వెనక బ్రేకు మొత్తం మార్చాలన్నారు, సామాను బెంగళూరు నుంచి రావడానికి పదిహేను రోజులన్నారు. టీకాలకు మిగిలింది తొమ్మిది రోజులు. దాసన్న ఇంకో దారి చెప్పాడు.

"వెనక బ్రేకు పీకేస్తా. ముందు బ్రేకుతోనే పో, నెమ్మదిగా."

"ఆ గుట్ట దిగుడులో ముందు బ్రేకు ఒకటే పడితే ఏమైతాదో నీకు తెల్దా అన్నా?"

దాసన్న చేతిలోని పానా కింద పెట్టేశాడు.

ఆ రోజు జీవమ్మ ఇంటి ముందు బండి పక్కనే కూర్చుని ఆలోచించింది. గొర్రె తన జబ్బు చెప్పదు. ఎప్పుడు మేత మానింది, ఎప్పుడు వణికింది, పొద్దున ఎలా ఉంది, మధ్యాహ్నం ఎలా ఉంది అని అడిగి అడిగి తెలుసుకోవాలి. బండినీ అలాగే చూసింది. చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది. పదీ పన్నెండు కిలోమీటర్లు పోయి వేడెక్కితే బిగుసుకుంటుంది. చల్లారితే తనంతట తానే వదులుతుంది. షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు విప్పి చూస్తే తప్పు ఎలా దొరుకుతుంది?

మర్నాడు పొద్దున్నే దాసన్న షెడ్డు తెరవకముందే పోయి నిలబడింది.

"నువ్వు నాతో రావాలన్నా. బిగుసుకున్న చోటనే విప్పి చూడు."

"షెడ్డు మూసి యాడికి వచ్చేది? నాకు నాలుగు బండ్లు ఉండాయి."

"ఈడనే నిలబడతా. ఎప్పుడు వీలైతే అప్పుడు పోదాం."

ఎండ నెత్తికెక్కింది. ఆమె కదల్లేదు. పదకొండు గంటలకు దాసన్న చేతులు తుడుచుకుని, పానాలూ బ్రేక్ ఆయిల్ డబ్బా సంచిలో వేసుకున్నాడు. "నేనే తోల్తా. నువ్వు తెలీకుండా పెడల్ మీద కాలు పెట్టుకోని పోతాండావని నా అనుమానం" అన్నాడు. జీవమ్మ తాళం ఇచ్చి వెనక కూర్చుంది.

పదకొండో కిలోమీటరు దగ్గర దాసన్న కాలికిందే చక్రం బిగుసుకుంది. దిగి, "నీ కాలు కాదులే" అని ఒప్పుకున్నాడు.

డిస్కు దగ్గర, బ్రేకులో చేరిన గాలిని బయటికి వదిలే చిన్న నిపిల్ ఉంటుంది. దాన్ని పానాతో కొంచెం వదులు చేశాడు. ఆయిలు చివ్వున చిమ్మింది. చక్రం వెంటనే తిరిగింది.

"ఆయిలు ఒత్తిడి లోపలే ఇరుక్కోనుండాది" అన్నాడు దాసన్న. "కాలు తీస్తే వెనక్కి పోవాల్సింది పోలేదు. పైపులో అడ్డమన్నా ఉండాల, పైన ఆయిలును నెట్టే పంపులోనన్నా ఉండాల."

"రెండిట్లో ఏదో ఎట్ల తెలుస్తాది?"

"మళ్ళా బిగుసుకుంటే తెలుస్తాది."

ఆయిలు నింపి మళ్ళీ బయల్దేరారు. ఎనిమిది కిలోమీటర్ల తర్వాత మళ్ళీ బిగుసుకుంది. ఈసారి కింద ముట్టుకోకుండా, పెడల్ పక్కనుండే పంపు దగ్గర పైపు కలిసే బోల్టు వదులు చేశాడు. చక్రం తిరిగింది. పైపులో అడ్డముంటే పైన వదులు చేసినందుకు కింద వదలదు. అంటే పైపు మంచిదే, తప్పు పంపులో ఉంది. మూత తీసి చూస్తే లోపల ఆయిలు శుభ్రంగా ఉంది, చెత్త లేదు.

దాసన్న బండ మీద కూర్చుని బీడీ వెలిగించాడు. జీవమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, గొర్రె కాలి కీలు చూసినట్టు, పెడల్‌ను రెండు వేళ్ళతో మెల్లిగా ఆడించింది. అది ఆడలేదు.

"అన్నా, వేరే బండ్ల పెడల్ బ్రేకు పట్టేముందు కొంచెం వదులుగా ఆడతాది కదా. ఇది ఎందుకు ఆడలేదు?"

దాసన్న దగ్గరికొచ్చి తనూ ఆడించి చూశాడు. బీడీ పారేశాడు. "ఇది నేను చేసిందే" అన్నాడు.

బండి కొన్న కొత్తలో పాదం వంగడం లేదని, తాకగానే బ్రేకు పట్టేలా పెడల్‌ను పైకి లేపమని జీవమ్మే అడిగింది. దాసన్న పంపును నెట్టే కడ్డీని పొడుగు చేసి పెడల్ లేపాడు. మొదట్లో కొంచెం సందు మిగిలి ఉండి, కొంతకాలం గడిచింది. రానురాను ఆ కడ్డీ పంపులోని బిళ్ళను పూర్తిగా వెనక్కి రానివ్వలేదు. ఆయిలు తిరిగిపోయే సన్నని రంధ్రం మూసుకునే ఉండిపోయింది. వేడికి ఆయిలు ఉబ్బితే పోయే దారి లేక, ఎవరూ తొక్కకుండానే బ్రేకును తొక్కుతోంది.

"తప్పు నాదే జీవమ్మా."

"నేను అడిగితేనే కదన్నా చేసినావు. ఇప్పుడు ఎట్ల చేయాల్నో అది చెప్పు."

కడ్డీ మర వదులు చేసి రెండు చుట్లు వెనక్కి తిప్పాడు. పెడల్ వేలి మందం ఆడింది. తిరుగుదారి పంతొమ్మిది కిలోమీటర్లలో ఒక్కసారీ చక్రం పట్టుకోలేదు. షెడ్డు ముందు డిస్కు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, అంతే.

కానీ పెడల్ కిందికి దిగింది. జీవమ్మ పాదం దానిమీద సరిగ్గా ఆనడం లేదు. "అలవాటు చేసుకో" అనలేదు దాసన్న. బూట్లతో బండెక్కి కూర్చోమన్నాడు. పెడల్‌కూ బూటుకూ మధ్య ఖాళీని పుల్లతో కొలిచి, ఇనప ముక్క ఒకటి కోసి పెడల్ మీద అతికించాడు. కడ్డీని ముట్టుకోలేదు. ఒకసారి ఎత్తయింది, అరగదీశాడు. ఇంకోసారి చూసి అంచు వంచాడు. మూడోసారికి ఆమె పాదం వంచకుండానే బ్రేకు పట్టింది, కాలు తీయగానే వదిలింది.

జీవమ్మ అంతటితో నమ్మలేదు. రెండు రోజులు దగ్గరి ఊళ్ళలో టీకాలు వేస్తూ, మధ్యాహ్నాలు గుట్ట ఎక్కి దిగింది. పెట్టెలో నీళ్ళ సీసాలు పెట్టుకుని ఎర్రటి ఎండలో బ్రేకు పట్టి పట్టి దిగుడు దిగేది. కింద ఆగి డిస్కు చూసేది. పెట్టెకు కొత్త మూత తెచ్చి తాడుతో బిగించింది.

మూడోరోజు సాయంత్రం ఉత్త చేతులతో పెద్దబండకు పోయింది. ఈరక్క దొడ్డి ముందు గొర్రెలకు నీళ్ళు పోస్తోంది.

"రేపు మొబ్బులో వస్తా. మందను కాసేపు ఆపు" అంది జీవమ్మ.

"మళ్ళా బండి నిలబడితే?"

"యేమైండాదో కనుక్కోని బాగుచేయించినా. అయినా నిలబడితే పెట్టె ఎత్తుకోని నడిచొస్తా. చల్లగుంటేనే వేస్తా, లేకుంటే నువ్వు రమ్మన్నా రాను."

ఈరక్క నీళ్ళు పోయడం ఆపింది. గొర్రెలను దొడ్డిలోకి తోలుకుపోయింది.

మర్నాడు తెల్లవారకముందే జీవమ్మ దొడ్డి దగ్గర బండి ఆపేసరికి తడిక వేసే ఉంది, ఈరక్క మందను ఆపి దాని పక్కనే నిలబడి ఉంది. పెట్టె మూత తీసి ఈరక్క చెయ్యి పట్టుకుని లోపల పెట్టింది. మంచుగడ్డలు రాళ్ళలా ఉన్నాయి. ఈరక్క చెయ్యి వెంటనే తియ్యలేదు.

"పట్టుకుంటా, వెయ్యి" అంది.

ఒక్కో గొర్రెను ఈరక్క కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటే జీవమ్మ సూది వేసింది. డెబ్బై ఆరూ అయ్యేసరికి గంటపైనే పట్టింది. సీసాలో ఇంకా ఇరవైకి పైగా గొర్రెలకు సరిపోయే మందు మిగిలింది. సీసాలోని పొడిని ఒకసారి నీళ్ళతో కలిపాక, రెండు గంటలు దాటితే మందు పనికిరాదు. ఆ మాట జీవమ్మ అంటే ఈరక్క వంక వైపు చూసింది.

"వంక అవతల మా తమ్ముడివి ఇరవై గొర్లు ఉండాయి. ఆయప్ప ఒప్పుకోడు. నేను చెప్తే వింటాడేమో" అంది.

మందను పక్కింటామెకు అప్పగించి, కట్టె చేత పట్టుకుని బండి దగ్గరికొచ్చింది. అంతెత్తు సీటు చూసి ఒక నిమిషం ఆగింది. జీవమ్మ బండిని బండ పక్కకు తెచ్చి ఆనించింది. ఈరక్క బండ మీదినుంచి సీటు మీదికి కాలేసి, టీకాల పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది.

"బిరబిర పోనీమ్మా, మందు చెడిపోతాది" అంది.