రెండు గంటల కూత

ఈమధ్య నాకు బొత్తిగా కిట్టనివి ఈ ప్లాస్టిక్ లంచ్ బాక్సులు. నాలుగు పక్కలా క్లిప్పులు, మూతకి రబ్బరు, చుక్క కారదని డబ్బా మీదే హామీ. ఆఫీసుకి చేరేసరికి చారు బ్యాగులో ఉంటుంది, డబ్బాలో ఉండదు. ఆ రోజుల్లో స్టీలు క్యారేజీలు ఉండేవి. వాటికి హామీలు ఉండేవి కావు, పక్కన ఒక గొళ్ళెం మాత్రం ఉండేది. అది చాలేది. వాటిని తలుచుకున్నప్పుడల్లా మా అత్త క్యారేజీ గుర్తొస్తుంది, దాని వెనకాలే ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం గుర్తొస్తుంది, ఆ తర్వాత కాసేపు అన్నం సయించదు.

ఎచ్చెర్లలో ఎమ్మే చదువుతున్న రోజులవి. స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. నేనూ నా రూమ్మేటూ కలిసి ఫిల్మ్ క్లబ్ ఒకటి పెట్టాం. సభ్యులం ఇద్దరం. (మూడోవాడొకడు చేరాడు గానీ, మొదటి సినిమాలో పాటలు లేవని తెలిసి తప్పుకున్నాడు.) రూమ్మేటుని హాస్టలంతా 'సబ్‌టైటిల్' అనేవారు. తెర మీద ఏం జరిగినా పక్కవాడికి చెప్పకుండా ఉండలేడు. ఎవరైనా ఏడుస్తుంటే "ఏడుస్తున్నాడు" అని చెప్పేవాడు. మేం చూసేవన్నీ కార్మికుల సినిమాలు. గనులు, సమ్మెలు, లాకౌట్లు, ఆకలి. అప్పటికి మా ఇద్దరి జీవితంలోనూ జరిగిన కాయకష్టం హాస్టల్లో బకెట్టు మోయడం. అయినా సినిమా అవగానే మెస్సులో ఇడ్లీ తింటూ పెట్టుబడిదారీ వ్యవస్థని చాలాసార్లు కూల్చేశాం. అది మర్నాటికి మళ్ళీ లేచి నిలబడేది. అందుకని ఒకసారి, ఇడ్లీ తినేవాళ్ళకి కాక అసలైన కార్మికులకే సినిమా చూపించాలని తీర్మానించాం.

అసలైన కార్మికుడు నాకు తెలిసినవాడు ఒక్కడే, మా మావయ్య. విజయనగరం దాటాక, గజపతినగరం దారిలో ఒక జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. పనిచేసేవాడు అనడం మర్యాద కోసం. ఒక ఉదయం గేటుకి నోటీసు అంటించి తాళం వేశారు. అప్పట్నించి మిల్లు కూత వెయ్యలేదు. కొన్నేళ్ళయినా మావయ్య మిల్లు కాలనీ వదల్లేదు. చివరికి మా అమ్మ ఎవరెవర్నో బతిమాలి, విశాఖలో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా కుదిర్చింది. ఫలానా రోజు సాయంత్రంలోగా వచ్చి చేరితే సరి, లేదంటే ఆ పనికి ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు. "తలుపు తియ్యడం, ముయ్యడం ఒక పనేటే?" అని మావయ్య చాలాకాలం నసిగి, అత్త పోరు పడలేక ఒప్పుకున్నాడు. ఆయన ఎక్కాల్సిన రెండుంపావు బస్సూ, మా సినిమా ఒక్కరోజే పడ్డాయి.

ఆ కాలనీలో ఒక ఆచారం ఉండేది. మిల్లు నడిచినప్పటిలాగే ఆడవాళ్ళు రోజూ రెండు గంటల షిఫ్టు వేళకి అన్నం, కూర క్యారేజీకి సర్ది గుమ్మంలో పెట్టేవారు. రెండు దాటి, కూత రాలేదని తేలాక, మగవాళ్ళు అరుగు మీద కూర్చుని అదే క్యారేజీ విప్పుకుని తినేవారు. వంటిల్లు ఆ గోడ వెనకాలే. కంచాలూ ఉన్నాయి. నేను మొదటిసారి చూసి నవ్వాను. అత్త నవ్వలేదు. "కూతేసినాక వండుకుంటామేటిరా? అది మన కోసం ఆగుతాదా?" అంది. ఇంత ముందుచూపు ఉన్నవాళ్ళు మా యూనివర్సిటీలో కూడా లేరని సబ్‌టైటిల్‌తో అన్నాను. వాడు నోట్సు రాసుకున్నాడు.

మిల్లు గేటుకి ఎదురుగా సంఘం షెడ్డు ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఆట. కిటికీలకి గోనెసంచులు కట్టి చీకటి చేశాం (అవి ఆ మిల్లులో నేసినవే, వెలుతురు దూరలేదు). జనాన్ని పిలవడానికి మైకు సెట్టువాడు రెండు గొట్టాలు షెడ్డు కప్పు మీద కాలనీ వైపు తిప్పి కట్టి, టీ తాగొస్తానని వెళ్ళాడు. ఆకాశం కూడా గోనెసంచి రంగులోనే ఉంది. రెండు కావస్తోంది. ఒకసారి సౌండు చూద్దామని సబ్‌టైటిల్ ల్యాప్‌టాప్‌ని మైకు సెట్టుకి కలిపాడు. అది ఏ దేశపుదో నలుపు తెలుపు సినిమా. మొదటి దృశ్యం మంచు, పొగగొట్టం, మిల్లు సైరను.

కూత మా షెడ్డులోంచి వచ్చినట్టు లేదు. కప్పు మీంచి వెళ్ళి, మిల్లు గోడకి కొట్టుకుని, పొగగొట్టం దగ్గర్నుంచి వచ్చినట్టు వచ్చింది. మిల్లు కప్పు మీద కాకులన్నీ ఒక్కసారి లేచాయి. ఎక్కడో కుక్క అందుకుంది. తెర మీద కార్మికులు ఇళ్ళలోంచి బయటికొచ్చి ఒకరి వెనక ఒకరు గేటువైపు నడుస్తున్నారు, మాటల్లేవు. "కార్మికులు నడుస్తున్నారు" అన్నాడు సబ్‌టైటిల్. కూత ఆగింది. బయట చెప్పుల చప్పుడు మొదలైంది.

నేను గోనెసంచి మూల ఎత్తి చూశాను. కాలనీ మొత్తం నడిచొస్తోంది. ఖాకీ చొక్కాలు, కొంగు నడుముకి దోపిన ఆడవాళ్ళు, చేతుల్లో క్యారేజీలు. పరుగు లేదు, ఒక్క మాట లేదు. ఎప్పుడూ కయ్యిమంటూ ఉండే ఆ వీధిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగి తెర చూశాను, మళ్ళీ కిటికీ చూశాను. ఒక్క క్షణం ఏది తెరో ఏది కిటికీయో తెలియలేదు. పరిచయమైన తర్వాత మొదటిసారి సబ్‌టైటిల్ ఏమీ చెప్పలేదు.

బయటికి పరిగెత్తాను. అప్పటికే గేటు ముందు వరుస కట్టేశారు. ప్రయాణానికి ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా మీదే పాత ఖాకీ చొక్కా తొడుక్కుని మావయ్య నిలబడ్డాడు. చేతిలో క్యారేజీ ఉంది, ప్రయాణం సంచీ లేదు. ఆయన ముందు మనిషి పట్టేంత ఖాళీ. చూస్తే వరుస పొడుగునా అక్కడక్కడ అలాంటి ఖాళీలే.

"మావా, కాస్త ముందుకి జరుగు" అన్నాను, ఏం మొదలెట్టాలో తెలియక.

"అది పొడుగోడి సోటు."

"పొడుగోడు జబ్బుచేసి పోయాడు కదా మావా!"

"పోతే? ఆడి సోటు ఆడిదే" అన్నాడు, నావైపు చూడకుండా.

గేటు లోపల కాపలా తాత తాళంచెవి పట్టుకుని, తియ్యమని ఎవరైనా చెబుతారేమోనని వెనక్కి చూస్తున్నాడు. వెనక ఎవరూ లేరు. నిలువెత్తు గడ్డి ఉంది.

అంతలో మలుపు దగ్గర బస్సు హారను. "మావా, అది మిల్లు కూత కాదు. మా సినిమాలోది. నీ బస్సొచ్చింది, ఎక్కు" అన్నాను చెవి దగ్గర.

"ఊరుకో అల్లుడా. కూత నాకు తెల్దేటి? ఇరవయ్యేళ్ళు ఇన్నాను."

"నిజంగా సినిమాలోదే మావా!"

"వరస ఒదిలితే పేరు కొట్టేస్తారు. నువ్వెల్లు."

బస్సు ఆగింది. కండక్టరు తలుపు మీద రెండుసార్లు కొట్టి "విశాఖ, విశాఖ" అని పిలిచాడు. సంచీ పట్టుకుని అత్త పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మా, మడిసివేనా నువ్వు? ఎక్కవేటి!" అని చొక్కా పట్టుకుని లాగింది. మావయ్య కదల్లేదు. అత్త గేటు చూసింది, వరుస చూసింది. చొక్కా వదిలేసి, పక్కకి పోయిన క్యారేజీ గొళ్ళెం సరిచేసి ఆయన చేతిలో పెట్టింది. బస్సు వెళ్ళిపోయింది. (ఆ ఉద్యోగం ఆ సాయంత్రమే ఇంకొకరికి వెళ్ళింది. మా అమ్మ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. నేను దాన్ని చదువుకి అనుకూలంగా మలుచుకున్నాను.)

చివరికి మైకులో చెప్పక తప్పలేదు. "అందరికీ నమస్కారం. ఇప్పుడు మీరు విన్నది చలనచిత్రంలోని శబ్దం" అన్నాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. లోపల తాత తాళంచెవి జేబులో వేసుకున్నాడు. చాలాసేపటికి అత్త ఒక్కతే, "పోపు మాడ్సీసి వచ్చినానురా, నీ సలనసిత్రం తగలెయ్య" అంది. దాంతో ఎవరో నవ్వారు, వరుస కదిలింది. వచ్చారు గనక, అన్నాలూ ఉన్నాయి గనక, అందరూ షెడ్డులోకి వచ్చి గోనెల మీద కూర్చుని, క్యారేజీలు విప్పుకుని సినిమా మొత్తం చూశారు. ఆఖర్న సమ్మె గెలిచి, గేటు తెరుచుకుని, తెర మీద వాళ్ళంతా బారులు తీరి లోపలికి వెళ్ళారు. వాళ్ళ వరుసలో ఖాళీలు లేవు.

దీపాలు వెలిగాయి. నేను మైకు తీసుకుని ఈ చిత్రం శ్రామికవర్గ చైతన్యాన్ని ఎలా ఆవిష్కరించిందో మీ స్పందన తెలియజేయండి అని అడిగాను. అందరూ క్యారేజీలు మూసుకుంటున్నారు. ఇవాళ ఆఫీసు ఫోన్ మోగితే చాలు, చారు కారే డబ్బా పట్టుకుని నోరెత్తకుండా నడిచే నాకు, ఆ మైకు పట్టుకున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ముద్దొస్తాడు. ఆ ఊరిలో అంతమంది ఉండగా, ప్రశ్నలన్నీ తన దగ్గరే ఉన్నాయనుకున్నాడు పాపం. వెనక వరుసలోంచి మావయ్య లేచాడు. ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు.

"సినిమా ఏటీ బాగోలేదురా అల్లుడా. కూత బాగున్నాది. అదొక్కటే ఇంకోపాలి ఎయ్యి."