గుర్రం మాట, నాన్న పిలుపు

నా చిన్నప్పుడు మేం జెద్దాలో, షరఫియా వెనక సందులో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న ట్రైలర్ డ్రైవరు. ఖఫ్జీ దారిలో జరిగిన ప్రమాదంలో నాన్న పోయాడు. కొన్నాళ్ళకు నాకో భయం పట్టుకుంది. ఆయన ముఖం గుర్తుంది గానీ గొంతు గుర్తు రావడం లేదు.

అప్పట్లో ఊరికి కేసెట్లు పంపుకునేవాళ్ళం. నాన్న మాట్లాడి పంపితే, నానమ్మ అదే కేసెట్ మీద, ఆయన మాటలు చెరిపేసి, జవాబు చెప్పి తిప్పి పంపేది. కొత్త కేసెట్ దండగని అందరిదీ అదే పద్ధతి. అమ్మ ఇల్లంతా వెతికి ఒకటి పట్టుకుంది. రెండు వైపులా వేసి చూసినా నానమ్మే మాట్లాడింది, కొడుకు వేళకి తింటున్నాడా అని అడుగుతూ. నాకు నానమ్మ మీద ఒళ్ళు మండింది. పాపం, ఆవిడకేం తెలుసు.

పక్కింట్లో ఒక చైనా తాతయ్య ఉండేవాడు. చిన్నతనంలో తల్లిదండ్రులతో హజ్‌కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయనకి పాత చైనా మాటల పిచ్చి. నా ఏడుపు విని పిలిచి, మా ఇద్దరికీ వచ్చిన అరకొర హిందీలో గుర్రం సంగతి చెప్పాడు. వాళ్ళ భాషలో గుర్రాన్ని ఇప్పుడు ‘మా’ అంటారట. వేల ఏళ్ళ కిందట ఎలా పలికేవారో చెప్పడానికి విన్నవాళ్ళు లేరు. అందుకని పాత పాటల్లో అది ఏ మాటతో ప్రాస కుదిరిందో చూస్తారు, ఇరుగుపొరుగు భాషల్లో వెతుకుతారు. బర్మా వాళ్ళ పాత రాతల్లో గుర్రం ‘మ్రంగ్’. చైనాలో పోయిన రకారం పొరుగింట్లో దొరికిందన్నమాట. ఒకప్పుడు ‘మ్ర’ అనేవారని పండితుల అంచనా. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో మాత్రం ఇంకా తేలలేదు. అలా కూర్చుకున్న మాట ముందు నక్షత్రం గుర్తు వేస్తారట, ఇది మేం చెవులతో విన్నది కాదని ఒప్పుకోవడానికి.

“మీ నాన్నని విన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారుగా, వెళ్ళి అడుగు,” అన్నాడు.

శుక్రవారం అమ్మ నన్ను డ్రైవర్లు కూడే టీ కొట్టు ముందుకి తీసుకెళ్ళింది. నాన్న దారిలో ఆగి నాకు ఫోన్ చేసినప్పుడల్లా పక్కన వీళ్ళే ఉండేవారు. వాళ్ళలో ఒక హైదరాబాద్ మామయ్య, “మీ నాయిన ముందుగాల జర దగ్గేటోడు బిడ్డా, అటెన్క పిలిచేటోడు,” అన్నాడు. తెలుగు ముక్క రాని పఠాన్ డ్రైవరు “బుజ్జమ్మా” అని చివర బాగా సాగదీశాడు. ఆ సాగదీత నాన్నదే. అమ్మ ముఖం పక్కకి తిప్పేసుకుంది. గొంతు మాత్రం ఆయనది కాదు.

ఇప్పుడు నా మనవరాలిని పిలిచే ముందు చిన్నగా దగ్గుతాను, చివర సాగదీస్తాను. ఎందుకలా పిలుస్తావని అది నవ్వుతుంది. మా నాన్న ఇలాగే పిలిచేవాడని చెబుతాను. చెబుతూనే, మనసులో ఆ పిలుపు ముందు ఒక నక్షత్రం గుర్తు వేసుకుంటాను.