అన్నకు ఇచ్చిన కిడ్నీ

పెళ్లిళ్లలో నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు మా బంధువులు ఇప్పటికీ ఒక మాట అంటారు. "అన్నకు కిడ్నీ ఇచ్చిన తమ్ముడు ఈయనే." నేను తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు. కాదు. ఏడేళ్లుగా ఆ తల మీద ఒక బరువుంది. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

మాది తిరుపతి. నాయన గుడిలో పరిచారకుడు. మా ఇంట్లో ఉల్లిపాయ వాసన కూడా రాకూడదు. అన్న పుత్తూరు బడిలో లెక్కల మాస్టరు. నేను ఒక సత్రం ఆఫీసులో గుమాస్తాని. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ లోటు గ్రంథాలయంలో పూడ్చుకున్నాను. వైద్యం పుస్తకాలంటే నాకు ఆకలి. నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకి గంట పట్టినా సరే, ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ని. అర్థమైనది తెలుగులో నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. గర్వంగా ఉండేది. ఆ గర్వం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అదీ ఒప్పుకోవాలి.

సిగరెట్టు ఇరవై రెండో ఏట మొదలైంది. సాయంత్రాలు స్వర్ణముఖి ఏటి ఇసుకలోకి వెళ్లి కాల్చేవాణ్ని. తర్వాత ఒక లవంగం, ఇంత పచ్చకర్పూరం పలుకు నమిలేవాణ్ని. నోరు తీర్థం వాసన వచ్చేది. ఒకసారి నాయన దగ్గరికొచ్చి, "గుడికి పోయొచ్చినావా?" అని సంతోషంగా అడిగాడు. అవునన్నాను.

అన్నకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మద్రాసులో ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేస్తే నాది సరిపోయింది. భయపడ్డాను. అయినా ఇస్తాననే అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ ఒక్క మాటైనా నమ్మండి.

మరుసటి రోజు గ్రంథాలయానికి పరిగెత్తాను. పెద్ద రక్తనాళాలను కలిపి కుట్టడం డాక్టర్ల పని. కానీ కిడ్నీ బతికేది వెంట్రుక కంటే సన్నని నాళాల మీద. ఒక ఒంట్లోంచి తీసి ఇంకో ఒంట్లో పెట్టేదాకా దానికి రక్తం అందదు. మళ్లీ రక్తం వదిలినప్పుడు ఆ సన్ననాళాలన్నీ నిండాలి. కొన్ని నిండకపోతే ఆ మేరకు కిడ్నీ చచ్చిపోతుంది. ఇదంతా ఒక పుస్తకంలో చదివాను. పొగాకు ఆ సన్ననాళాలనే ఇరుకు చేస్తుందని ఇంకో పుస్తకంలో చదివాను. రెండూ నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో రాసుకున్నాను. నోటుబుక్కు మూశాను. స్వర్ణముఖికి వెళ్లాను.

మొదటి పేజీ సంగతి అన్నకు విడమరిచి చెప్పాను. పెద్దకాలువ నిండుగా పారితే చాలదు, మడికి తడి అందించేవి పిల్లకాలువలే, అవి పూడితే పైరు ఎండుతుంది అన్నాను. అన్న మెచ్చుకున్నాడు. రెండో పేజీ సంగతి చెప్పలేదు.

మద్రాసు డాక్టరు నన్ను కూర్చోబెట్టి అడిగాడు, బీడీ సిగరెట్టు అలవాటుందా అని. నేను నోరు తెరిచేలోగా పక్కనున్న నాయన నవ్వాడు. "మా ఇంట్లో ఆ వాసనే లేదు సామీ." డాక్టరు నా వైపు చూశాడు. లేదన్నాను. రాసుకున్నాడు.

ఇంతే అయితే నాయన మీద తోసేసి బతికేవాణ్నేమో.

ఆపరేషనుకు నాలుగు రోజుల ముందు వార్డులో అన్న దగ్గర ఒక్కణ్నే ఉన్నాను. నాయన సంధ్యావందనానికి వెళ్లాడు.

"ఒరే, నీ కిడ్నీ వచ్చినాక నేనూ పుస్తకాల పురుగునైపోతానేమో. పిల్లకాయలకి లెక్కలు ఎవురు చెప్తారు?" అన్నాడు అన్న.

నవ్వాను. అన్న నవ్వు ఆపి గొంతు తగ్గించాడు.

"ఒకటి అడగతాను. నీ పిల్లకాలువలు బాగుండాయా?"

"ఏమన్నా, ఎందుకట్ల అడగతా ఉండావు?"

"ఊరికే. ఏమన్నా ఉంటే చెప్పు. నెలో రెణ్ణెల్లో ఆగుదాం. అందాకా రక్తం కడిగే మిషను మీద నెట్టుకొస్తాలే. నాయనకి నేను చెప్పన్లేరా."

"ఏమీ లేదన్నా. అన్నీ బాగుండాయి."

"సరే. సదివినోడివి. నువ్వు చెప్తే సరే."

నాయనకి చెప్పను అన్నాడు. ఏం చెప్పడు? నేనేమీ అనకముందే ఆ మాట ఎందుకన్నాడు? పచ్చకర్పూరం నాయనను మోసం చేసింది కానీ అన్నను చేయలేదేమో. అన్నకు తెలుసా? తెలిసే, నేను చెప్పుకోవడానికి తలుపు తీసి పట్టుకున్నాడా?

డాక్టరు ముందు నాయన ఉన్నాడు. అన్న ముందు ఎవరున్నారు? ఎవరూ లేరు. నేనే ఉన్నాను. సత్రంలో బీడీలు కాల్చే వంటవాళ్లను కూర్చోబెట్టి, కాగితం మీద ఊపిరితిత్తుల బొమ్మ గీసి బుద్ధులు చెప్పిన నేను. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా అందరూ ముందు వచ్చి అడిగే నేను. అన్నీ తెలిసిన ఆ మనిషి అన్న కళ్ల ముందు చిన్నబోవడం నాకు ఇష్టం లేకపోయింది. కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకున్నవాణ్ని ఒక్క నిజం ఇవ్వలేకపోయాను.

కొత్త కిడ్నీ పనిచేసింది. మొదటిసారి మూత్రం వచ్చినప్పుడు వదిన వార్డు బయట నేల మీద కూలబడి ఏడ్చింది. అన్న మళ్లీ బడికి కూడా వెళ్లాడు. ఎనిమిదో నెలలో కాళ్లు వాచాయి. పదకొండో నెలలో పోయాడు. కుట్టిన పెద్దనాళం చక్కగానే ఉందనీ, లోపలి సన్ననాళాలు మూసుకుపోయాయనీ డాక్టరు చెప్పాడు. ఒంటికి పరాయిదైన కిడ్నీని ఒళ్లే అలా తిప్పికొడుతుందట. అదే అయ్యుండొచ్చు. నేను కాల్చకపోయినా అంతే జరిగేదేమో. ఏ డాక్టరునైనా ప్రశ్నలతో విసిగించే నేను ఆ రోజు, కిడ్నీ ఇచ్చినవాడి వల్ల కూడా ఇలా అవుతుందా అని అడగలేదు. ఈనాటికీ అడగలేదు. గ్రంథాలయంలో వైద్యం పుస్తకాల అర వైపు వెళ్లడం లేదు.

కర్మకాండ ముగిసిన రోజు సిగరెట్టు మానేశాను. నాలుగు రోజులు తలనొప్పి, వారం రోజులు చిరాకు. అంతే. అంత తేలిక. అన్న ఆగుదామన్నది నెలో రెణ్ణెల్లో. నన్ను నిద్రపోనివ్వనిది ఈ లెక్కే.

పండుగ పూట వదిన ఇప్పటికీ మొదటి విస్తరి నాకే వేస్తుంది. "నువ్వు ఇయ్యాల్సింది ఇచ్చినావు నాయనా, దేవుడు ఉంచలేదు" అంటుంది. తింటాను. ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాట ఇవ్వలేను.

డాక్టరు అడిగిన ప్రశ్నకు మాత్రం ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఉంది సార్, అలవాటుంది. రోజుకు ఆరో ఏడో. ఆసుపత్రిలో చేరిన రోజు పొద్దున కూడా ఒకటి.

బాగలేవన్నా, నా పిల్లకాలువలు.